గేటు దగ్గర ఆగిపోతున్న లెక్క: సైనిక క్వార్టర్లలో కరెంటు ఎందుకు నిలవడం లేదు?

నడివేసవి రాత్రి పదకొండు గంటలకు కరెంటు పోయిందనుకుందాం. కంటోన్మెంట్ గోడకు ఇవతల ఉన్న ఇంటివారు 1912కు ఫోన్ చేస్తారు. ఫిర్యాదుకు ఒక నంబరు వస్తుంది. సరఫరా ఎంతసేపు ఆగిందన్నది డిస్కం లెక్కల్లోకి ఎక్కుతుంది. ఆ లెక్కలు విద్యుత్తు నియంత్రణ మండలికి చేరతాయి. గోడకు అవతల, పది గజాల దూరంలో ఉన్న జవాను కుటుంబం 1912కు ఫోన్ చేసినా ప్రయోజనం ఉండదు. అక్కడి లైన్లు డిస్కంవి కావు. వారు ఫోన్ చేయవలసింది స్టేషన్‌లోని మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్ (ఎంఈఎస్) ఫిర్యాదుల గదికి. డ్యూటీలో ఉన్న ఎలక్ట్రీషియన్ వస్తాడు, ఫ్యూజు వేస్తాడు, రిజిస్టరులో ఒక వరుస రాస్తాడు. సాధారణంగా ఆ వరుస స్టేషన్ దాటి బయటికి రాదు.

సైనిక కుటుంబాల నివాసాల్లో కరెంటు కష్టాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ జనరేటర్ల మీదికో, సోలార్ పలకల మీదికో మళ్లుతుంది. రెండూ అవసరమే. అయితే ఏ క్వార్టర్ల సముదాయంలో ఏడాదికి ఎన్నిసార్లు, ఎన్ని గంటలు కరెంటు పోతోందో నమ్మదగిన లెక్క లేనప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. ఆ లెక్క అడిగే అధికారం కూడా అందులో ఉండే కుటుంబానికి ఆచరణలో లేదు. సమస్యకు మూలం ఇక్కడే ఉందన్నది ఈ వ్యాసం వాదన.

దేశంలో విద్యుత్తు కొరత కథ చాలావరకు మారింది. 2024 మే 30న దేశ గరిష్ఠ డిమాండు 250 గిగావాట్లను తాకింది, గ్రిడ్ దాన్ని తట్టుకుంది. గ్రామీణ ప్రాంతాల్లో రోజువారీ సగటు సరఫరా 2014లో 12.5 గంటలుండగా ఇప్పుడు 22 గంటలు దాటిందని కేంద్ర విద్యుత్ శాఖ చెబుతోంది. ఈ సగటు లెక్కలపై అనుమానాలు ఉండవచ్చు. పల్లెలో రైతుకు అనుభవం వేరుగా ఉండవచ్చు. కానీ కనీసం లెక్క అంటూ ఒకటి ఉంది, దాని మీద పార్లమెంటులో ప్రశ్న వేయవచ్చు. సైనిక క్వార్టర్లకు విడిగా అలాంటి బహిరంగ లెక్క లేదు.

సరఫరా ఎలా జరుగుతుందో తెలిస్తే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. డిస్కం తన 33 కేవీ లేదా 11 కేవీ లైను ద్వారా సైనిక స్టేషన్‌కు ఒకచోట, టోకుగా కరెంటు ఇస్తుంది. ఆ చోట ఒక మీటరు ఉంటుంది. డిస్కం దృష్టిలో వినియోగదారు ఒక్కరే: ఎంఈఎస్ తరఫున గ్యారిసన్ ఇంజినీర్. అక్కడి నుంచి లోపలి సబ్‌స్టేషన్లు, భూగర్భ కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్తంభాలు, చివరికి ఇంట్లో స్విచ్‌బోర్డు వరకు అంతా ఎంఈఎస్‌దే బాధ్యత. 1923లో ఏర్పడిన ఈ సంస్థ సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటికీ రోడ్లు, భవనాలు, నీరు, విద్యుత్తు చూస్తుంది. కుటుంబానికి అద్దె, నీరు, కరెంటు ఛార్జీల బిల్లు కూడా ఈ వ్యవస్థ నుంచే వస్తుంది.

అంటే ఒక ఇంటి కరెంటు పోవడానికి రెండు చోట్ల కారణం ఉండవచ్చు. డిస్కం లైనే ఆగిపోవచ్చు, లేదా లోపలి కేబుల్ కాలిపోవచ్చు. గేటు దగ్గరి మీటరు మొదటిదాన్ని గుర్తిస్తుంది. రెండోది దానికి కనిపించదు. స్టేషన్ మొత్తానికి సరఫరా నిరంతరాయంగా ఉన్నట్టు కాగితం మీద చూపిస్తున్న రోజునే ఒక బ్లాకులోని నలభై కుటుంబాలు రాత్రంతా మేడమీద పడుకుని ఉండవచ్చు.

లోపలి వ్యవస్థ ఎందుకు బలహీనపడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పాత క్వార్టర్లను ట్యూబులైట్లు, ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ అన్న అంచనాతో కట్టారు. నలభై ఇళ్లకు 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉందనుకుంటే, పవర్ ఫ్యాక్టరు 0.9 అయితే అది ఇవ్వగలిగింది సుమారు 57 కిలోవాట్లు. నలభై ఇళ్లలో ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు కలిపి ఇంటికి అర కిలోవాటు చొప్పున 20 కిలోవాట్లు. అందులో ముప్పై ఇళ్లవారు రాత్రి పదికి ఒకటిన్నర కిలోవాట్ల ఏసీ వేస్తే మరో 45. మొత్తం 65. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, ఫ్యూజు పోతుంది. పోకపోతే వరుస చివరి ఇంట్లో 230 వోల్టులు ఉండవలసిన చోట దీపం మసకబారుతుంది, ఫ్రిజ్ మోటారు మూలుగుతుంది. గ్రిడ్‌లో ఎంత కరెంటు మిగులున్నా ఈ నలభై ఇళ్లకు ఉపయోగం లేదు.

ఏ హోదా ఉద్యోగి ఇంట్లో ఏయే సదుపాయాలు ఉండాలన్నది రక్షణ శాఖ 'స్కేల్స్ ఆఫ్ అకామడేషన్' పేరిట నిర్దేశిస్తుంది. 2009 నాటి ప్రమాణాలను సవరించి 2022లో కొత్తవి తెచ్చారు. మంచి మార్పే. అయితే అవి ప్రధానంగా కొత్తగా కట్టేవాటికి ఉపయోగపడతాయి. అంతకుముందు కట్టిన ఇళ్ల గోడల్లో ఉన్న తీగ మందం కొత్త ఉత్తర్వుతో పెరగదు.

2002లో ప్రభుత్వం వివాహిత నివాసాల ప్రాజెక్టు (మ్యాప్) చేపట్టి దశలవారీగా దాదాపు 2 లక్షల ఇళ్లు కట్టాలని సంకల్పించింది. ఇళ్ల కొరతతో ఏళ్లకొద్దీ ఎదురుచూసిన జవాన్ల కుటుంబాలకు అది పెద్ద ఊరట. పాత ఒంటి అంతస్తు వరుసల స్థానంలో బహుళ అంతస్తుల బ్లాకులు వచ్చాయి. బహుళ అంతస్తులంటే నీటికి పంపులు, కొన్నిచోట్ల లిఫ్టులు. కరెంటు పోతే నీళ్లూ పోతాయి. సివిల్ అపార్టుమెంట్లలో ఉండేవారికి ఇది కొత్త సంగతి కాదు. కానీ అక్కడ సంఘం సభ్యులు చందాలు వేసుకుని జనరేటరు కొనుక్కోగలరు. సైనిక క్వార్టరులో ఉండేవారు రెండు మూడేళ్లకు బదిలీ అయ్యేవారు. బ్లాకుకు పెట్టుబడి పెట్టే హక్కూ ఉండదు, ఓపికా ఉండదు. ఎవరికి వారు ఒక ఇన్వర్టరు కొనుక్కుని, బదిలీ వచ్చినప్పుడు దాన్నీ ట్రంకు పెట్టెలతో పాటు లారీ ఎక్కిస్తారు.

మనుషుల సంగతి వేరే చెప్పాలి. 2020 మేలో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఎంఈఎస్‌లో 9,304 పోస్టుల రద్దుకు ఆమోదం తెలిపారు. ప్రాథమిక, పారిశ్రామిక విభాగాల్లో ఖాళీగా ఉన్న 13,157 పోస్టుల్లో ఇవి భాగం. లెఫ్టినెంట్ జనరల్ శేకత్కర్ నేతృత్వంలోని కమిటీ సిఫారసుల మేరకే ఈ నిర్ణయం. కొంత పని శాఖ సిబ్బందితో, మిగతాది కాంట్రాక్టర్లతో చేయించుకోవాలన్నది దాని వెనుక ఆలోచన. పొదుపు దృష్టితో చూస్తే తప్పు పట్టలేం. అయితే వైర్‌మన్, లైన్‌మన్, పంపు ఆపరేటరు ఈ విభాగాలకు చెందినవారే. ఏ కేబుల్ ఎక్కడ మలుపు తిరిగిందో, ఏ జంక్షను పెట్టెలో వానాకాలం నీళ్లు చేరతాయో తెలిసిన పాత సిబ్బంది పదవీ విరమణ చేసినప్పుడు ఆ పటం వారి తలలోనే వెళ్లిపోతుంది. ఏడాది కాంట్రాక్టుకు వచ్చిన కుర్రాడికి ఆ పటం ఎవరిస్తారు? ఇక్కడ తప్పు పని చేసేవారిది కాదు. చాలా స్టేషన్లలో కొద్దిమందే పెద్ద ప్రాంతాన్ని మోస్తున్నారు.

చట్టం ఏమంటోంది?

విద్యుత్ చట్టం 2003లోని రెండో సెక్షన్ 15వ నిర్వచనం వినియోగదారు ఎవరో చెబుతుంది. లైసెన్సు పొందిన సంస్థ గానీ, ప్రభుత్వం గానీ సొంత వాడకానికి కరెంటు ఇస్తే పుచ్చుకునే వ్యక్తి వినియోగదారు. అంతేకాదు, ప్రభుత్వ విద్యుత్ లైన్లకు తన ఇల్లు అనుసంధానమై ఉన్నవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. ఈ మాటలను ఉన్నదున్నట్టు చదివితే క్వార్టరులో ఉన్న జవాను భార్య వినియోగదారే.

అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమే కరెంటు పంపిణీ చేస్తుంటే దాన్ని లైసెన్సు ఉన్నట్టే పరిగణించాలి. విడిగా లైసెన్సు తీసుకోనక్కరలేదు. ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఎంఈఎస్ ఇలా పంపిణీదారుగానే ఉంది. మరికొన్ని రాష్ట్రాల్లోనూ ఈ హోదా గుర్తింపు కోసం ఎంఈఎస్ నియంత్రణ మండళ్లను ఆశ్రయించింది. టోకు ధరకు నేరుగా కరెంటు కొనుక్కోగల వెసులుబాటు ఇందులో ప్రధాన ఆకర్షణ. మరోవైపు, 184వ సెక్షన్ రక్షణ, అణుశక్తి వంటి శాఖలను నోటిఫికేషన్ ద్వారా చట్టం పరిధి నుంచి తప్పించే దారి చూపుతుంది. ఒక చేత్తో పంపిణీదారు హోదా, మరో చేత్తో మినహాయింపు. ఈ రెండింటి మధ్య ఇంట్లో ఉన్న మనిషి స్థానం ఏమిటన్నది అస్పష్టంగా మిగిలింది.

ఇది మాటల గారడీ కాదు. పంపిణీదారు అయిన ప్రతి సంస్థా 42వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక పెట్టాలి. దాని మీద అంబుడ్స్‌మన్ ఉండాలి. 57వ సెక్షన్ సేవా ప్రమాణాలు, వాటిని అందుకోకపోతే పరిహారం గురించి చెబుతుంది. 59వ సెక్షన్ ప్రకారం ఆ ప్రమాణాల అమలు లెక్కలు మండలికి ఇవ్వాలి. 2020 డిసెంబరు 31న కేంద్రం ప్రకటించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ఇంకో అడుగు వేసి, వినియోగదారులందరికీ రోజంతా సరఫరా ఉండాలన్నాయి. వ్యవసాయం వంటి కొన్ని వర్గాలకు మాత్రం తక్కువ గంటలు నిర్ణయించే వీలు మండలికి ఇచ్చాయి. ఏడాదిలో సగటున ఎన్నిసార్లు, ఎంతసేపు సరఫరా ఆగిందన్న సూచీలు లెక్కించాలని చెప్పాయి. ఈ రెండు సూచీలనే విద్యుత్ రంగంలో సైఫీ, సైడీ అంటారు.

అనువాదం చేసేవారికి ఈ తేడా పదాల దగ్గరే తగులుతుంది. డిస్కం పత్రాల్లో ఇంట్లో ఉండే మనిషిని 'వినియోగదారు' అని రాస్తాం. సైనిక క్వార్టర్ల కాగితాల్లో అదే మనిషి 'అలాటీ', 'ఆక్యుపెంట్'. అంటే కేటాయింపు పొందినవారు, ఆక్రమించి ఉన్నవారు. రెండో మాటను తెలుగులో 'నివాసి' అని మెత్తగా చేస్తాం. నిజానికి ఆ ఆంగ్ల మాటలో హక్కు ధ్వనించదు. క్వార్టరు ఖాళీ చేయవలసిన తేదీ, పగిలిన గాజుకు వసూలు, గోడకు మేకు కొట్టరాదన్న నిషేధం వంటివాటి పక్కనే ఆ మాట ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ కాగితాల వెనుక ఎవరున్నారో గుర్తు చేసుకోవాలి. జవాను సియాచిన్‌లోనో, ఈశాన్య సరిహద్దులోనో ఉంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేడు. అలాంటివారి భార్యాపిల్లల కోసం కొన్ని స్టేషన్లలో వేరుగా ఇళ్లు కేటాయిస్తారు. ఒంటరిగా ఇల్లు నడిపే తల్లి, పదో తరగతి పరీక్షకు చదివే పిల్ల, మందులు ఫ్రిజ్‌లో పెట్టుకోవలసిన అత్తగారు. కర్నూలు నుంచో, కరీంనగర్ నుంచో వెళ్లి అంబాలాలోనో, బఠిండాలోనో ఉంటున్న కుటుంబానికి హిందీ కూడా అంతంతమాత్రం. రాత్రి ఫ్యూజు పోతే ఫిర్యాదుల గదికి ఏమని చెప్పాలో తెలియదు. సరిహద్దు నుంచి రెండు రోజులకోసారి వచ్చే ఫోన్‌లో భర్తకు చెప్పి దిగులు పెట్టడం ఇష్టం ఉండదు. దళాల మనోబలం గురించి ఎన్నో ఉపన్యాసాలు వింటుంటాం. ఆ మనోబలంలో ఎంతో కొంత ఈ ఇంటి మీద ఆధారపడి ఉంది.

విశాఖ అనుభవం మన పాఠకులకు దగ్గరిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. తూర్పు నౌకాదళ కేంద్రమైన ఆ నగరంలో నౌకాదళ కుటుంబాలూ, సామాన్య పౌరులూ ఒకే చీకటిని పంచుకున్నారు. తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో నగరంలోని ఎంపిక చేసిన ప్రాంతాల్లో డిస్కం లైన్లను భూగర్భంలోకి మార్చే పని మొదలైంది. ఇక్కడే గేటు సమస్య మళ్లీ ఎదురవుతుంది. డిస్కం ఆస్తుల కోసం వచ్చిన నిధి డిస్కం ఆస్తుల మీదే ఖర్చవుతుంది. సైనిక కాలనీల లోపలి లైన్లకు రక్షణ శాఖ పద్దులోనే డబ్బు వెతకాలి.

2021లో కేంద్రం రూ.3,03,758 కోట్ల అంచనాతో తెచ్చిన పంపిణీ రంగ పునర్‌వ్యవస్థీకరణ పథకం (ఆర్‌డీఎస్‌ఎస్) తీరూ అంతే. స్మార్ట్ మీటర్లు, ఫీడర్ల విభజన, పాత తీగల మార్పిడి అన్నీ అందులో ఉన్నాయి. అవి ప్రభుత్వ డిస్కంల కోసం. దేశంలో పంపిణీ రంగంపై ఇటీవలి కాలంలో పెట్టిన అతిపెద్ద ఖర్చు ఇది. క్వార్టర్ల దాకా అది రాదు.

సోలార్ వైపు చూపు తిప్పడం ఈ నేపథ్యంలో సహజమే. రక్షణ స్థావరాల్లో 300 మెగావాట్ల సౌర విద్యుత్ లక్ష్యంతో జాతీయ సౌర మిషన్ కింద దశాబ్దం కిందటే పథకం వచ్చింది. కేరళలోని ఎళిమలలో నౌకాదళ అకాడమీ 2020లో 3 మెగావాట్ల కేంద్రాన్ని, భీమునిపట్నం దగ్గరి ఐఎన్‌ఎస్ కళింగ 2021లో 2 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించాయి. బిల్లు తగ్గుతుంది, బొగ్గు తగ్గుతుంది. కానీ ఇందులో ఒక సాంకేతిక సత్యం తరచుగా మరుగున పడుతోంది. గ్రిడ్‌తో కలిపి పెట్టే మామూలు సోలార్ ఇన్వర్టరు గ్రిడ్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పని చేస్తున్న మనిషికి షాక్ కొట్టకుండా పెట్టిన భద్రతా ఏర్పాటు అది. పైగా ఫ్యూజులు పోయేది ఎక్కువగా రాత్రి పూట. బ్యాటరీ నిల్వ, గ్రిడ్ నుంచి విడిపోయి నడవగల ఏర్పాటు లేకుండా పైకప్పు మీద ఎన్ని పలకలు పరిచినా ఆ నలభై ఇళ్ల రాత్రి మారదు.

నిజంగా గ్రిడ్ చేరని చోట్ల కథ వేరు. లద్దాఖ్‌కు 2019 ఫిబ్రవరిలో శ్రీనగర్-లేహ్ లైను ప్రారంభమయ్యేదాకా జాతీయ గ్రిడ్‌తో సంబంధమే లేదు. చుషూల్‌లో సైన్యం కోసం ఎన్‌టీపీసీ సౌరశక్తి, హైడ్రోజన్ కలిపిన మైక్రోగ్రిడ్ చేపట్టింది. అక్కడ డీజిల్ పీపా కొండెక్కించే ఖర్చుతో పోలిస్తే ఏదైనా చౌకే. మైదాన ప్రాంతపు క్వార్టర్లకు ఆ నమూనా అవసరం లేదు. వాటికి కావలసింది తగినంత మందం ఉన్న కేబుల్, రెండో దిక్కు నుంచి ఒక ఫీడరు, లోడును మూడు ఫేజుల మీద సమంగా పంచే ఓపిక.

అమెరికా వేరే దారిలో వెళ్లి దెబ్బ తిన్నది. 1996 నుంచి సైనిక నివాసాలను ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. బూజు, సీసం రంగులు, పట్టించుకోని మరమ్మతుల గురించి 2018లో రాయిటర్స్ వరుస కథనాలు రాశాక అక్కడి చట్టసభ మేల్కొని, 2020 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో అద్దె నివాసుల హక్కుల పట్టికను చేర్చింది. అంటే నిర్వహణ ప్రైవేటు చేతికి ఇచ్చినా, ప్రభుత్వం చేతిలో ఉంచుకున్నా, ఇంట్లో ఉన్నవారికి అడిగే హక్కు రాతపూర్వకంగా ఇవ్వక తప్పలేదు. ఎంఈఎస్‌ను తీసేసి ప్రైవేటుకు ఇస్తే సరిపోతుందని వాదించేవారు ఈ అనుభవాన్ని ఒకసారి చూడాలి.

మరి ఇక్కడ ఏం చేయవచ్చు? మొదటి పని పెద్ద ఖర్చుది కాదు. క్వార్టర్లకు వెళ్లే ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకు, లోపలి ప్రతి ఫీడరుకు సరఫరా ఆగిన సమయాన్ని తనంతట తాను నమోదు చేసే మీటరు పెట్టాలి. డిస్కంలు ఈ పని ఏళ్లుగా చేస్తున్నాయి, పరికరాలు బజారులో ఉన్నాయి. వచ్చిన లెక్కను బ్లాకులవారీగా నెలకోసారి స్టేషన్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. అంతరాయం గేటు బయటి లైనుదా, లోపలి లైనుదా అన్నది కూడా అందులో ఉండాలి. ఈ ఒక్క గీత గీస్తే డిస్కం, ఎంఈఎస్ ఒకరి మీద ఒకరు నెట్టుకునే వీలు చాలా తగ్గుతుంది.

భద్రత పేరిట అభ్యంతరం రావచ్చు. స్టేషన్ లోడు వివరాలు శత్రువుకు అక్కరకు వస్తాయన్న ఆందోళన కొట్టిపారేయదగ్గది కాదు. కానీ నివాసాల ఫీడర్లు, సైనిక అవసరాల ఫీడర్లు వేరు చేయవచ్చు. పల్లెల్లో వ్యవసాయ ఫీడర్లను ఇళ్ల ఫీడర్ల నుంచి వేరు చేసినట్టే. ఫలానా బ్లాకులో జూన్‌లో పదకొండు గంటలు కరెంటు లేదని చెబితే దేశ రహస్యం ఏదీ బయటపడదు.

రెండోది ఫిర్యాదు వేదిక. ప్రస్తుతం కుటుంబం ఫిర్యాదు చేసేది మరమ్మతు చేయవలసిన శాఖకే. పైకి వెళ్లాలంటే భర్త తన యూనిట్ ద్వారా రాయాలి. హోదాల మెట్లున్న చోట ఒక సిపాయి భార్య ఫ్యూజు గురించి కర్నల్ స్థాయి దాకా వెళ్లదు. రాష్ట్ర నియంత్రణ మండలి నియమావళిని పోలిన గడువులతో, ఎంఈఎస్‌కు బయటి సభ్యుడు ఒకరుండే చిన్న వేదిక ఒక్కో స్టేషన్‌లో పెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు. రక్షణ శాఖ ఉత్తర్వు చాలు. పంపిణీదారు హోదా కోరిన రాష్ట్రాల్లోనైతే ఎంఈఎస్ ఆ హోదాతో వచ్చే బాధ్యతలను కూడా తలకెత్తుకోవాలని నియంత్రణ మండళ్లే అడగవచ్చు.

మూడోది నిధుల దారి. రక్షణ పనుల విధానం కింద కేబుల్ మార్పిడి వంటి పనులు రోడ్లు, కొత్త భవనాలు, ఆపరేషనల్ అవసరాలతో పోటీపడి ఏటా జాబితాలో చోటు వెతుక్కోవాలి. భూమిలో ఉన్న కేబుల్‌కు ప్రారంభోత్సవం ఉండదు గనుక అది వెనకబడుతుంది. ఆర్‌డీఎస్‌ఎస్ తరహాలో, అంతరాయాల లెక్క తగ్గితేనే తదుపరి విడత ఇచ్చే షరతుతో, నివాసాల లోపలి పంపిణీకి విడి పద్దు పెడితే ఆ పోటీ నుంచి అది బయటపడుతుంది.

సికింద్రాబాద్, విశాఖ వంటి పెద్ద స్టేషన్లతో ఇది మొదలుపెట్టవచ్చు. అక్కడి డిస్కంలకు అంతరాయాలను నమోదు చేసే అలవాటు ఇప్పటికే ఉంది, నగర ఫీడర్లు గోడ దాకా వచ్చి ఉన్నాయి. గోడ లోపల మొదటి మీటరు ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద పెట్టాలన్నది గ్యారిసన్ ఇంజినీర్ ఫిర్యాదుల రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది.